సంక్రాంతికి తేదలచిన సీసా గురించి

లాసన్స్ బే కాలనీ,
విశాఖపట్నం

చిరంజీవి అబ్బాయికి,

నాన్న ఆశీస్సులు. సంక్రాంతికి ఇంటికి వస్తూ నా కోసం స్కాచ్ విస్కీ సీసా ఒకటి తేవాలనుకుంటున్నావనీ, ఎడింబరో దుకాణంలో ఒకే డిస్టిలరీ (విస్కీ బట్టీ) వారివి పన్నెండేళ్లది, పద్దెనిమిదేళ్లది, ఇరవై అయిదేళ్లది మూడు చూశావనీ, మూడోదాని ధర నీ నెల అద్దెను దాటిపోతోందనీ రాశావు. అంత డబ్బుకు తగిన సరుకు నిజంగా ఆ సీసాలో ఉంటుందా అని కూడా అడిగావు. ఉండదు, నాకు పన్నెండేళ్లదే చాలు అని ఒక్క వాక్యం రాసి ఊరుకోవచ్చు. కాని నువ్వు ఈ మధ్యనే విస్కీ రుచుల మీద ఆసక్తి పెంచుకున్నావు, పైగా సంపాదన మొదలైన కొత్తలో ఉన్నావు. ఈ విషయంలో నీ తీర్పు నీ ముక్కు మీద, నాలుక మీద నిలబడాలి గాని దుకాణదారు మాట మీదో నా మాట మీదో కాదు. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సీసా మీది అంకె సంగతి. అక్కడి 2009 నాటి నిబంధనల ప్రకారం స్కాచ్ అనిపించుకోవాలంటే బట్టీ నుంచి దిగిన ద్రవం స్కాట్లాండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, కనీసం 3 ఏళ్లు మాగాలి. సీసాకెక్కేనాటికి ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. లేబుల్ మీద 12 అని వేస్తే, అందులో కలిపినవాటన్నిటిలోకీ చిన్నదాని వయస్సు 12 ఏళ్లని అర్థం. మాగినంత కాలమూ చెక్క సందుల్లోంచి విస్కీ ఆవిరై పోతూనే ఉంటుంది. ఆ చలిదేశంలో ఏటా సుమారు 2 శాతం పోతుందంటారు. ఆ లెక్కన పన్నెండేళ్లకు పీపాలో అయిదో వంతుకు పైగా, ఇరవై అయిదేళ్లకు దాదాపు 40 శాతం గాలిలో కలిసిపోతుంది. దీనికి తోడు గోదాము ఖర్చు, అన్నేళ్లు కదలకుండా ఉండిపోయిన పెట్టుబడి మీద వడ్డీ. కాబట్టి పాతదాని ధర ఎక్కువగా ఉండడంలో అన్యాయమేమీ లేదు. అయితే ఆ ధర తయారీదారుకు కలిగిన నష్టాన్ని పూడుస్తుందే తప్ప, రుచి కూడా అదే పాళ్లలో పెరిగిందని హామీ ఇవ్వదు. నువ్వు బాగా గుర్తుపెట్టుకోవలసినది ఇదే.

రుచి పెరగడానికి ఒక హద్దు ఉండడమే ఇందుకు కారణం. అమెరికా చట్టం బర్బన్ అనే అక్కడి మొక్కజొన్న విస్కీని లోపలి గోడ కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే మాగించాలంటుంది గనుక, ఒకసారి వాడిన పీపాలు అక్కడ విరివిగా మిగిలి, ఓడలెక్కి స్కాట్లాండ్ చేరతాయి. ఆ చెక్కలోంచే వెనిలా తీపి, పచ్చికొబ్బరి సువాసన, లవంగం ఘాటు విస్కీలోకి దిగుతాయి. షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా ఉంచిన పీపాలైతే ఎండుద్రాక్ష, ఖర్జూరం రుచి వస్తుంది. మొదటి ఏళ్లలో ఈ మార్పు ఎంతో మేలు చేస్తుంది, పచ్చి సారా వాసన విరిగిపోతుంది. కాని చెక్క ఇచ్చేది తీపి ఒక్కటే కాదు, టానిన్ అనే వగరు పదార్థం కూడా. అది మితిమీరితే కరక్కాయ నమిలినప్పటి వగరు నాలుకను పట్టుకుంటుంది, విస్కీకి మూలమైన బార్లీ తాలూకు మెత్తని రుచి అడుగున పడిపోతుంది. మంచి పీపాలో పడి పాతికేళ్లు చక్కగా నిలిచే విస్కీలు లేకపోలేదు. అవి పీపా మంచితనం వల్ల నిలుస్తాయి గాని వట్టి వయస్సు వల్ల కాదు.

వాతావరణాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ అంకె విలువ మరింత తగ్గుతుంది. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ వారి పీపాల్లో ఏటా పోయేది 10 శాతం పైమాటే. అక్కడ అయిదేళ్లు ఉంచితే స్కాట్లాండ్‌లో పాతికేళ్లకు పోయినంత పోతుంది, ఎండకు చెక్కతో కలయికా అంత వేగంగానే సాగుతుంది. వాళ్లు తమ సింగిల్ మాల్ట్‌ను, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతోనే తీసిన విస్కీని, 2004లో మొదట విడుదల చేసింది మన దేశంలో కాదు, స్కాచ్ సొంతగడ్డ గ్లాస్గోలో. పెద్ద వయస్సు చూపించే అంకె లేకుండానే ఆ సీసా అక్కడివారి మెప్పు పొందిందంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

చౌక సీసాల విషయంలో మాత్రం ధర తేడా నిజమైన తేడాయే. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే చవకరకాల్లో చాలావాటికి మూలం ధాన్యం కాదు, మొలాసిస్ అనే చెరకు మడ్డి. అందులోంచి తీసిన స్పిరిట్‌కు కొద్దిగా మాల్ట్ విస్కీ కలుపుతారు. ఐరోపాలో అలాంటిదాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. మీ అమ్మ పుట్టిల్లు అనకాపల్లి కాబట్టి చెరకు మడ్డి వాసన నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అక్కడి నుంచి మొలకెత్తించిన బార్లీతో రాగి బట్టీలో దింపిన విస్కీకి వెళ్తే, అది వేరే వస్తువని ఎవరికైనా తెలుస్తుంది. ఆ మెట్టు ఎక్కడానికి పెట్టే డబ్బు వృథా కాదు. అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కేకొద్దీ ఖర్చు రెట్టింపవుతుంది, రుచి తేడా సన్నబడుతుంది.

పై మెట్లలో నువ్వు కొనేది చాలావరకు అరుదైన వస్తువన్న పేరును. 1926లో బట్టీ దింపి 1986లో సీసాకెక్కించిన మకాలన్ అనే స్కాచ్ సీసా ఒకటి 2023 నవంబరులో లండన్ సోత్‌బీస్ వేలంలో 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. అంత డబ్బు పోసినవారు దాన్ని దాహానికి కొనరు. ఆ బజారులో నకిలీలు కూడా తక్కువేమీ కాదు. 2018లో స్కాట్లాండ్ ప్రయోగశాలలో 55 అరుదైన సీసాలను, వస్తువు వయస్సు తేల్చే రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే, అందులో 21 నకిలీవో, చెప్పిన ఏడాదివి కానివో అని తేలింది. అందువల్ల వేలం సరుకు జోలికి నువ్వు వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. రంగును చూసి కూడా వయస్సు అంచనా వేయకు. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టమే అనుమతిస్తుంది.

ఇక నాకు బాగా తెలిసిన సంగతికి వస్తాను. నేను ఉద్యోగం చేసినంత కాలం రొయ్యల ఎగుమతి సంస్థ నాణ్యతా విభాగంలో ముక్కుతోనే పని చేశానని నీకు తెలుసు. ఉప్పు వేయకుండా ఉడికించిన రొయ్యలను మూతపెట్టిన కప్పుల్లో తెచ్చి ముందు పెట్టేవారు. కప్పు మీద మూడంకెల సంఖ్య తప్ప చెరువు పేరు గాని, రైతు పేరు గాని, ధర గాని ఉండేది కాదు. మూత తీసిన క్షణంలో వచ్చే మొదటి వాసనే అసలైన సాక్ష్యం. మట్టి వాసన ఉందా, అమ్మోనియా ఉందా అన్నది అప్పుడే తేలాలి, ఎందుకంటే నాలుగైదు కప్పులు దాటేసరికి ముక్కు మొద్దుబారుతుంది. మధ్యలో మోచేతి మడతలో మన ఒంటి వాసన పీల్చుకుంటే మళ్లీ కుదుటపడుతుంది. పేరు తెలిస్తే ముక్కు పక్షపాతం చూపుతుందని అనుభవం మీద తెలిసే సంఖ్యలు వేసేవారు. వైన్ మీద కాలిఫోర్నియా పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగం కూడా ఇదే చెబుతుంది. ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, మరోసారి 90 డాలర్లదని చెప్పి ఇస్తే, ఖరీదైనదని విన్నప్పుడే బాగుందన్నారు. మెదడు స్కాన్‌లో సైతం ఆనందానికి సంబంధించిన భాగం అప్పుడే ఎక్కువగా స్పందించింది. అంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకు నిజంగానే అలా అనిపించింది. ధర అంత లోతుగా పని చేస్తుంది.

ఓడ కెప్టెన్‌గా రిటైరైన మన ఎదురింటాయన దగ్గర, నువ్వు రాసినట్టే, ఒకే డిస్టిలరీవి మూడు వయస్సుల సీసాలు ఉంటే, కొందరం కలిసి రొయ్యలకు చేసిన పరీక్షనే వాటికీ పెట్టాం. మీ అమ్మ ముట్టదు కనుక పోసే పని ఆమెకే అప్పజెప్పాం. వంటింట్లో పోసి, గ్లాసు అడుగున సంఖ్య అంటించి, ఏది ఏదో తన పుస్తకంలో రాసుకొని పంపేది. మనిషికి మూడు గ్లాసులు. రెండింట్లో ఒకటే విస్కీ, మూడోదానిలో వేరేది. ఆ వేరేదాన్ని పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారితో సరిపెట్టకుండా వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ చేశాం. పన్నెండుకీ పద్దెనిమిదికీ తేడాను మాలో ఎక్కువమంది నమ్మకంగా పట్టగలిగారు, అయితే ఏది నచ్చిందంటే మాటలు రెండుగా చీలాయి. పద్దెనిమిదికీ ఇరవై అయిదుకీ వచ్చేసరికి జవాబులు ఊహలకన్నా మెరుగ్గా లేవు. అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది ఆ తరవాత జరిగినది. మీ అమ్మ పుస్తకం విప్పి పేర్లు చదవగానే, అంతవరకు పన్నెండేళ్లదాన్ని మెచ్చుకున్న పెద్దమనుషులే ఇరవై అయిదేళ్లదాన్ని మళ్లీ రుచి చూసి, ఇందులో ఏదో లోతు ఉందని చెప్పడం మొదలుపెట్టారు.

నువ్వు కూడా ఈ పరీక్ష చేసుకోవాలి. అక్కడ 50 మిల్లీలీటర్ల చిన్న సీసాలు దొరుకుతాయి, పెద్దది కొనేముందు వాటితో చూడు. అంచు లోపలికి వంగిన పొట్టి గ్లాసు తీసుకొని అందులో 15 మిల్లీలీటర్లకు మించకుండా పోసుకో. రుచి తెలియడానికి అది చాలు, అంతకు మించినది మత్తుకే పనికొస్తుంది. మద్యంలో సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసిన సంగతి మరవకు. మొదట నోరు కొద్దిగా తెరిచి ఉంచి, ముక్కును అంచుకు కాస్త దూరంగా పెట్టి వాసన చూడు. అలా చేస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కును మండించదు. తరవాత చెంచాతో కొన్ని చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడు. పలుచన చేసినప్పుడు పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు పైపొరకు చేరతాయని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపించారు, కాబట్టి నీళ్లు కలిపితే చిన్నతనమని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఎడింబరో చలిలో ముడుచుకొని ఉన్న వాసన మన విశాఖ ఉక్కలో ఒక్కసారిగా పైకి లేస్తుంది, దానితోపాటు ఆల్కహాల్ ఘాటు కూడా. అందుకే ఇక్కడ నేను గ్లాసును ముందుగా చల్లబరచి పెట్టుకుంటాను. నీకు కలిగిన అభిప్రాయాన్ని సీసా పేరు తెలియకముందే రాసిపెట్టుకో.

ఆ పరీక్షలో నీ ముక్కు నిలకడగా పట్టగలిగిన, నాలుక ఇష్టపడిన మెట్టు వరకు నిస్సంకోచంగా ఖర్చుపెట్టు, ఆ డబ్బుకు నేను అడ్డు చెప్పను. ఆ పైది కొనాలని అనిపిస్తే, అది రుచి కోసం కాక ఒక సందర్భం గుర్తుండడానికి కొంటున్నానని నీకు నువ్వు స్పష్టంగా తెలిసి కొనుక్కో. నా సంక్రాంతికి అటువంటి సీసా అవసరం లేదు, నువ్వు రావడమే నాకు పండుగ.

కాబట్టి పన్నెండేళ్లది ఒక్క పెద్ద సీసా, అదే డిస్టిలరీవి పద్దెనిమిదేళ్లది చిన్న సీసా దొరికితే ఒకటి తీసుకురా. ఈసారి మీ అమ్మ నీకు కూడా సంఖ్యలు అంటించి ఇస్తానంటోంది. 2 లీటర్ల వరకు సుంకం లేకుండా రానిస్తారు గనుక ఇబ్బంది ఉండదు. సీసాను పెద్ద పెట్టెలో బట్టల మధ్య నిలబెట్టి సర్దుకో, ఇంటికి చేరాక కూడా నిలబెట్టే ఉంచుదాం, పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. టికెట్ తేదీ ఖాయం కాగానే తెలియజెయ్యి.

ఆశీస్సులతో,
నాన్న