కొత్త ఫ్రిజ్‌కు ఆర్డరు పెట్టవద్దు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరమూ క్షేమం. నీ క్షేమం తెలియజేయగలవు.

కిందటి నెలలో నీవు అమ్మతో ఫోనులో మాట్లాడుతున్నప్పుడు వెనక నుంచి వినిపించిన చప్పుడు మన ఫ్రిజ్‌దేనని తెలిసి, పదేళ్ళు దాటిన దానితో ఇంకా ఎందుకు అవస్థ, కొత్తది ఆర్డరు పెడతానన్నావు. కంప్రెసర్ పోయిందని మెకానిక్ చెప్పిన మాట అమ్మ నీకు చేరవేసిందే గాని, ఆ తరువాత జరిగినది చెప్పలేదు. ఫోనులో చెబుదామంటే నా మాట సగంలో ఉండగానే నీకు ఆఫీసు నుంచి మరో కాల్ వస్తుంది. అందుకే ఉత్తరం వ్రాస్తున్నాను. పూర్తిగా చదివిన తరువాతనే ఆర్డరు సంగతి ఆలోచించు.

వచ్చిన మెకానిక్ రెండు నిమిషాలు నిలబడి విని, ఫ్రిజ్ వెనక వైపు చూడకుండానే, కంప్రెసర్ మార్చాలి, గ్యాసుతో కలిపి తొమ్మిది వేలవుతుంది అన్నాడు. అతడిని తప్పు పట్టను, రోజుకు పది ఇళ్ళు తిరిగేవాడికి తీరిక ఉండదు. కాని షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల దగ్గర ఫిట్టరుగా పనిచేసినవాడిని కనుక, చప్పుడు ఎక్కడిదో, ఎప్పుడు వస్తున్నదో తేలకుండా భాగం మార్చడమనే మాట నాకు మింగుడు పడలేదు. పైగా కంప్రెసర్ నిజంగా చెడిపోతే చల్లదనం పైనా కిందా రెండు చోట్లా తగ్గాలి. మన ఫ్రిజ్‌లో పై అరలో ఐసు రాయిలా గడ్డకడుతున్నది, కింది అరలో మాత్రం పెరుగు ఒక్క రోజుకే పులిసిపోతున్నది. గ్లాసుడు నీళ్ళలో థర్మామీటరు పెట్టి రాత్రంతా కింది అరలో ఉంచితే, నాలుగు డిగ్రీలు చూపించవలసినది తొమ్మిది చూపించింది. కంప్రెసర్ తన పని తాను చేస్తూనే ఉన్నది, చల్లగాలి మాత్రం కిందికి దిగడం లేదు అని ఆ రోజే అనుమానం వచ్చింది.

ఆ రాత్రి అమ్మ నిద్రపోయిన తరువాత, వీధిలో సందడి తగ్గాక, వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గంటసేపు విన్న తరువాత తెలిసినదేమంటే, మనం ఒక్కటిగా వింటున్నది నిజానికి రెండు చప్పుళ్ళు. మన ఫ్రిజ్‌లో కంప్రెసరూ, పై అర వెనక గోడలో దాగి ఉండే చిన్న ఫ్యానూ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతాయి కనుక, ఆ రెండింటి రొదా కలిసిపోయి మెకానిక్ చెవికి ఒకే జబ్బుగా వినిపించింది. ఒకటి కింద నుంచి వచ్చే గణగణ, రేకు మీద రేకు అదిరినట్టు. రెండవది లోపలి నుంచి వచ్చే గరగర, సైకిలు చక్రపు పుల్లలకు అట్టముక్క తగిలినట్టు. చిన్నప్పుడు నీవు నీ సైకిలుకు కట్టుకున్న అట్టముక్క నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

వీటిని విడదీయడం కష్టమేమీ కాదు. తలుపు తెరిచాను, గరగర ఆగిపోయింది, గణగణ మాత్రం ఆగలేదు. తలుపు తెరవగానే ఫ్యాను ఆగేటట్టు చట్రంలో ఒక చిన్న మీట ఉంటుంది. తలుపు తెరిచే ఉంచి, ఆ మీటను వేలితో నొక్కి పట్టుకుంటే గరగర మళ్ళీ మొదలైంది. అంటే అది ఫ్యానుదే. ఇక ఫ్రిజ్ పక్కన అరచేయి ఆనించి కొద్దిగా నెట్టి చూస్తే గణగణ స్వరం మారింది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను వైర్లకు దూరంగా కంప్రెసర్ డిప్ప మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే లోపల నుంచి ఒకే రీతిగా సాగే మంద్రమైన గుయ్ మనే శబ్దమే వినిపించింది. మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులది, మోటారులోని విద్యుదయస్కాంతం ప్రతి ఆవృత్తిలో రెండుసార్లు లాగుతుంది, అందువల్ల సెకనుకు వందసార్లు కంపించే ఆ ధ్వని మోటారుకు సహజం. లోపల ఏదైనా అరిగి ఉంటే సాధారణంగా అందులో ఠకఠక కలిసి ఉంటుంది. కంప్రెసర్ మీద నింద అక్కడితో తొలగిపోయింది.

మరునాడు ప్లగ్గు పీకి, పాలూ కూరలూ పక్కింటివారి ఫ్రిజ్‌లో పెట్టి, పాత గోనెపట్టా మీద ఫ్రిజ్‌ను ముందుకు లాగాను. వెనక అడుగున ఉన్న రేకు మూత తీస్తే మన ఊరి గాలి చేసిన పని కనబడింది. సముద్రం ఇంత దగ్గర, కిటికీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మరలు రెండు తుప్పుతో పూర్తిగా బిగుసుకుపోయాయి, తుప్పు వదిలించే నూనె పోసి గంటసేపు ఆగితే గాని కదలలేదు. కంప్రెసర్ కాళ్ళ కింద ఉండే నాలుగు రబ్బరు బుష్షులు కొబ్బరి చిప్పలా గట్టిపడి పగుళ్ళు తేలాయి. అవి మెత్తగా ఉన్నంతకాలం అదురును తమలోనే మింగుతాయి, గట్టిపడితే ఆ అదురంతా అడుగు రేకుకు, అక్కడి నుంచి ఫ్రిజ్ ఒంటికి పాకుతుంది. దానికి తోడు ఒక రాగి గొట్టం వెనక రేకుకు తగులుతూ, తగిలిన చోట నున్నగా మెరుస్తున్నది. డీఫ్రాస్టులో, అంటే లోపలి మంచు కరిగినప్పుడు, వచ్చే నీళ్ళు పడి కంప్రెసర్ వేడికి ఆవిరయ్యే ప్లాస్టిక్ పళ్ళెం కూడా గాడి తప్పి ఊగుతున్నది.

గొట్టాన్ని పట్టకారుతో వంచలేదు, అది నలిగితే గ్యాసు పోతుంది. మన ఫ్రిజ్ వెనక చీటీ మీద ఆర్-600ఎ అని ఉన్నది. అది ఐసోబ్యూటేన్, మన వంటగ్యాసు కుటుంబానికి చెందినదే, మంట అంటుకునే గుణం దానికీ ఉన్నది. అందుకే బొటనవేలితో నెమ్మదిగా నొక్కి, రేకుకూ గొట్టానికీ మధ్య వేలెడు ఖాళీ ఏర్పడేటట్టు జరిపాను. బుష్షులు డాబాగార్డెన్స్ వైపు ఒక విడిభాగాల దుకాణంలో దొరికాయి, నాలుగింటికి కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. గొట్టాలు అతికి ఉండగా కంప్రెసర్‌ను ఎత్తకూడదు కనుక, చెక్కముక్క దూర్చి ఒక్కొక్క మూలనే కొద్దిగా లేపి, ఒక్కొక్క బుష్షే మార్చాను. నాలుగు బుష్షులకు రెండున్నర గంటలు పట్టింది, నడుము నొప్పి రెండు రోజులు ఉన్నది, ఆ సంగతి అమ్మ నీకు చెప్పే ఉంటుంది.

ఫ్యాను సంగతి వేరు. మన ఊరి ఉక్కపోతలో గాలి నిండా తేమే. తలుపు రబ్బరు ఎక్కడ వదులైనా ఆ తేమ లోపలికి చేరి, గోడ వెనక చల్లటి గొట్టాల మీద మంచుగా పేరుకుంటుంది. ఆ మంచు పెరిగి పెరిగి ఫ్యాను రెక్కలకు తగిలితే గరగర, చల్లగాలి వెళ్ళే దారిని కప్పేస్తే కింది అరలో పులిసిన పెరుగు. రెండింటికీ మూలం ఒక్కటే. పది రూపాయల నోటును తలుపు రబ్బరుకూ చట్రానికీ మధ్య పెట్టి తలుపు మూసి లాగి చూశాను. అన్ని చోట్లా గట్టిగా పట్టింది, కింది కుడి మూలలో మాత్రం వెన్నలో నుంచి వెంట్రుక వచ్చినట్టు జారి వచ్చేసింది.

మంచును కత్తితో గీకడానికి అమ్మ సిద్ధపడింది గాని నేను ఒప్పుకోలేదు, ఆ పలచటి గొట్టానికి ఒక్క గాటు పడితే మెకానిక్ చెప్పిన తొమ్మిది వేలు నిజంగానే అవుతాయి. తలుపులు రెండూ తెరిచి, అడుగున బట్టలు పరిచి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేశాను. నీరు పోయే రంధ్రం పాచితో పూడుకుపోయి ఉంటే గోరువెచ్చని నీళ్ళు పోసి తెరిపించాను. రబ్బరును సబ్బునీటితో తుడిచి, ఆ మూలలో వేడినీటిలో ముంచిన గుడ్డను కాసేపు అదిమి ఉంచితే అది తిరిగి ఉబ్బి చట్రానికి అతుక్కున్నది.

చివరగా రసమట్టం పెట్టి చూస్తే ఫ్రిజ్ ఎడమకు వాలి ఉన్నది, వంటింటి గచ్చు నీళ్ళు పోయే తూము వైపు వాలుగా ఉండటమే దానికి కారణం. ముందరి కాళ్ళ మరలు తిప్పి సమం చేసి, తలుపు దానంతట అదే మూసుకునేటట్టు ముందు భాగాన్ని వెంట్రుకవాసి ఎత్తులో ఉంచాను. గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య జానెడు చోటు వదిలాను.

ఇప్పుడు వినిపించేవి మామూలు చప్పుళ్ళే. కంప్రెసర్ ఆగిన తరువాత గ్యాసు సన్నని గొట్టంలో సర్దుకునేటప్పుడు గుటగుటమంటుంది, డీఫ్రాస్టు వేళ ప్లాస్టిక్ గోడలు వేడికి సాగి టక్కుమంటాయి. పై అంతస్తు వారి ఫ్రిజ్‌లో మాత్రం మూడు నాలుగు నిమిషాలకొకసారి క్లిక్‌మని శబ్దం వచ్చి ఆగిపోతుండేది. అది మోటారు మొదలు కాలేక, దానిని కాపాడే ఓవర్‌లోడు స్విచ్ తెగుతున్న గుర్తు, వారికి మోటారును మొదలుపెట్టించే రిలే మార్చితే సరిపోయింది. కరెంటు పోయి వచ్చిన వెంటనే కూడా ఆ క్లిక్ రావచ్చును, లోపలి ఒత్తిడి సమం కావడానికి అయిదు నిమిషాలు పడుతుంది, అంతవరకు స్విచ్ వేయరాదు.

ఈ పని చేసి మూడు వారాలైంది. నిన్న రాత్రి థర్మామీటరు నాలుగు డిగ్రీలే చూపించింది, మంచు తిరిగి పేరుకున్నట్టు గరగర లేదు. తలుపు రబ్బరు గట్టిగా పట్టి ఉండగానే మళ్ళీ వస్తే తప్పు డీఫ్రాస్టు హీటరుదో దాని థర్మోస్టాటుదో కావచ్చును. అప్పుడు మల్టీమీటరు ఉన్న మెకానిక్‌ను పిలుస్తాను, అది నేను చేతితో తేల్చగలిగే పని కాదు.

హుద్‌హుద్ తుపాను తరువాత కరెంటు లేని ఆ రోజులలో పాత ఫ్రిజ్ పాడయితే 2015లో కొన్నది ఇది. దీని మోడల్ నంబరు ఈ కాగితం వెనక వ్రాశాను. నీవు ఏదో ఒకటి పంపకుండా ఉండలేవు కనుక, ఆ నంబరుకు సరిపోయే కింది తలుపు రబ్బరు ఒకటి దొరికితే పంపించు. వేడిగుడ్డతో సరిచేసిన ఆ మూల ఎంతకాలం నిలుస్తుందో నాకు నమ్మకం లేదు.

ఆశీస్సులతో,
నాన్న