ముఖానికి గీసుకున్న నవ్వు గురించి, తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ముందు చిన్న విషయాలు. ఫార్మేటివ్ పరీక్షల పేపర్లు శుక్రవారం ఇంటికి పంపుతాం, సంతకం చేసి సోమవారం తిరిగి పంపండి. మూడో నంబర్ బస్సు ఈ వారం నుంచి పది నిమిషాలు ముందే వస్తుంది. నీళ్ల బాటిళ్ల మీద పేర్లు రాయండి, దయచేసి.

ఇక మీరందరూ మాట్లాడుకుంటున్న సంగతి. సోమవారం మధ్యాహ్నం రెండో తరగతిలో జరిగినదాని గురించి వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండున్నర దాకా మెసేజ్‌లు నడిచాయి. అందులో జరగనివి కూడా కొన్ని చేరాయి కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. అన్నాలు తిన్నాక ఒక బాబు ఎర్ర స్కెచ్ పెన్నుతో పెదాల చివర నుంచి చెవుల దాకా రెండు గీతలు గీసుకున్నాడు. పక్క బెంచీలో పాప దగ్గరికి వెళ్లి, "ఒక ఆట ఆడదాం రా" అని పెన్సిల్‌ను బల్ల మీద నిటారుగా నిలబెట్టాడు. అంతే. ఎవరినీ పొడవలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ వాడు ఆడింది ఒక బ్యాట్‌మ్యాన్ సినిమాలో జోకర్ అనే విలన్ వేషం. ఆ పాప కూడా అదే సినిమా ఇంట్లో చూసింది. సినిమాలో ఆ పెన్సిల్ ఒకడి ప్రాణం తీస్తుందని దానికి తెలుసు. కెవ్వున అరిచింది. సాయంత్రం దాకా ఆయా చెయ్యి వదల్లేదు, బాత్రూముకు కూడా ఒంటరిగా వెళ్లలేదు.

ఆ బాబును ఎవరూ ఏమీ అనకండి. వాన పడితే ఒకటో తరగతి పిల్లల చెప్పులు తడవకుండా లోపల పెట్టేది వాడే, ఎవరూ చెప్పకుండానే. ఏడేళ్ల పిల్లలు చూసింది ఆడతారు. చూపించింది ఎవరన్నదే నా ప్రశ్న.

వాళ్లు చూసింది 'ది డార్క్ నైట్', 2008లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ సినిమా. ఈ ఉత్తరం రాయడానికి ముందు నేను కూర్చుని రెండున్నర గంటలూ చూశాను. గొప్పగా తీశారు, జోకర్‌గా వేసిన హీత్ లెడ్జర్‌కు ఆయన పోయాక ఆస్కార్ కూడా వచ్చింది. మన పదో తరగతి పిల్లలు చూసి వాదించుకుంటే నాకు సంతోషమే. రెండో తరగతికి మాత్రం అది తగదు. పేలుళ్లు, కార్ల ఛేజింగులు చూసి నేను ఈ మాట అనడం లేదు. చివర్లో ఒక పోలీసు అధికారి కళ్ల ముందే అతని చిన్న కొడుకును పట్టుకుని, తుపాకీ గురిపెట్టి, నాణెం ఎగరేసి వాడి ప్రాణం తేలుస్తానంటాడు ఒకడు. సినిమాలో చాలాసేపు మంచివాడిగా కనిపించిన మనిషే అతను. తండ్రి పక్కనే ఉండీ బతిమాలడం తప్ప ఏమీ చేయలేకపోతాడు. నాన్న పక్కన ఉంటే ఏమీ కాదన్న ధైర్యంతోనే కదా ఏడేళ్ల బిడ్డ రాత్రి కళ్లు మూసుకునేది! ఆ ధైర్యం మీదే దెబ్బ కొట్టే సీను అది. బ్రిటన్‌లో దీనికి 12ఎ సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పెద్దవాళ్లు వెంట ఉంటే పన్నెండేళ్ల లోపు పిల్లలు కూడా వెళ్లొచ్చు. ఆ ఏడాది అక్కడి బోర్డుకు అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు ఈ సినిమా మీదే వచ్చాయి.

"బ్యాట్‌మ్యాన్ పిల్లల బొమ్మే కదా మేడమ్" అని ఒక తండ్రిగారు నాతో అన్నారు. ఆయన తప్పేం లేదు. ఒకటో తరగతి గది బయట బ్యాగులు చూడండి, టిఫిన్ డబ్బాలు చూడండి, అన్నిటి మీదా అవే ముఖాలు. బొమ్మ అమ్మేది అయిదేళ్ల వాడికి, సినిమా తీసేది పదిహేనేళ్ల వాడికి. ఇది కొత్తదీ కాదు. 1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్' వచ్చినప్పుడు అమెరికాలో పిల్లల భోజనం ప్యాకెట్లతో ఆ బొమ్మలు ఇచ్చారు. సినిమా చూసిన తల్లిదండ్రులు అంత భయంకరంగా ఉన్నదాన్ని మా పిల్లలకు ఎలా అంటగట్టారని మండిపడ్డారు. తర్వాతి సినిమాను తేలిక చేసి తీశారు.

కాబట్టి వేషం చూడకండి, సర్టిఫికెట్ చూడండి. పిల్లలు పెద్దల మార్గదర్శనంలో చూడాలని చెప్పే యూఏ సర్టిఫికెట్‌ను మన సెన్సార్ బోర్డు 2024 నుంచి మూడుగా విడదీసింది: 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. 'ఏ', అంటే పెద్దలకు మాత్రమే, అయితే పిల్లల్ని థియేటర్ వాళ్లు ఆపాలి. యూఏ అయితే ఎవరూ ఆపరు, నిర్ణయం పూర్తిగా మీదే. ఓటీటీలకు కూడా 2021 నిబంధనల ప్రకారం ఇవే వయసు గుర్తులు ఉండాలి, 13 ప్లస్ నుంచి పేరెంటల్ లాక్ ఉండాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి పిన్ పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు. పెట్టాక ఆ పిన్ పిల్లలకు చెప్పకండి. ఇది రాయాల్సి వస్తోంది, ఎందుకంటే మూడో తరగతిలో చాలామందికి ఇంటి పిన్ నోటికి వచ్చు.

పిల్లలు దేనికి భయపడతారో మనం సరిగ్గా ఊహించలేం. అమెరికాలో జోయాన్ క్యాంటర్ అనే ప్రొఫెసర్ 1980లలో టీవీలో వచ్చే 'హల్క్' సీరియల్‌తో పరిశీలన చేశారు. మామూలు మనిషి పచ్చటి భీకరాకారంగా మారగానే మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు బెదిరిపోయారు. అతను కాపాడటానికే వచ్చాడని వాళ్లకు తోచలేదు, రూపమే కనిపించింది. ఇంకాస్త పెద్ద పిల్లలకు ఆ మార్పు కంటే అంతకు ముందు ఉన్న ప్రమాదమే ఎక్కువ భయం కలిగించింది. ఒకే సోఫా మీద కూర్చున్న అన్నాచెల్లెళ్లు రెండు వేర్వేరు సినిమాలు చూస్తున్నారన్నమాట. "వాళ్లు నిద్రపోయాకే పెట్టుకున్నాం మేడమ్" అని చాలామంది అంటున్నారు. వాళ్లు నిద్రపోవడం లేదండీ. దుప్పటి సందులోంచి చూస్తున్నారు, మరునాడు వచ్చి మా టీచర్లకు కథ మొత్తం చెబుతున్నారు. ఆదివారం సెకండ్ షోకు వెళ్లొచ్చిన పిల్లలు సోమవారం మొదటి పీరియడ్‌లో బల్ల మీద తల పెట్టేస్తారు. మీ సరదాను కాదనను, శనివారం మ్యాట్నీకి వెళ్లండి.

పిల్లలకు భయమే వద్దని నేను అనడం లేదు. మన ధర్మవరం పక్కనే తోలుబొమ్మల ఊరు నిమ్మలకుంట ఉంది. మేకతోలు మీద బొమ్మ గీసి, రంగులద్ది, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుబొమ్మలాటలో రావణుడు తెర నిండా లేస్తాడు, రాక్షసులు అరుస్తారు, తలలు తెగుతాయి. చంటిపిల్లలు సైతం ముందు వరసలో కూర్చుని చూసేవారు. ఎలా చూడగలిగారు? భయం గొంతు దాకా వచ్చేసరికి నవ్వించే బొమ్మ కేతిగాడు దూకుతాడు, వాడి జోడీ బంగారక్క వాణ్ణి తిడుతుంది, జనం ఘొల్లుమంటారు. ఆడించేవాడి చెవి ఎప్పుడూ జనం మీదే ఉంటుంది. ముందు వరసలో పిల్ల ఏడిస్తే అతనికి వినిపిస్తుంది. మీ టీవీకి వినిపించదు. ఇంట్లో ఆ చెవి మీదే కావాలి. పక్కన కూర్చోండి, ఫోన్ చూసుకోకుండా కూర్చోండి, బిడ్డ చెయ్యి బిగిసిందని తెలియగానే ఆపేయండి. సగంలో ఆపితే కొంపలేమీ మునగవు.

ఈ విషయంలో మా ఎనిమిదో తరగతి ఆడపిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. నెల రోజులుగా మందపాటి చార్టుకు నూనె రాసి, వెలుగు దాటేలా చేసి, 'లంకాదహనం' బొమ్మలు కత్తిరిస్తున్నారు. మగ్గం నేసేవారి అమ్మాయి ఒకామె రావణుడి పది కిరీటాలకూ పది రకాల పట్టుచీర అంచులు వేసింది. ఒక్కటి కూడా ఇంకోదానిలా లేదు! వాళ్ల నాన్నగారిని పిలిచి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేకపోయారు. సోమవారం భయపడిన పాప మొన్న వచ్చి తెర వెనక ఏముందో చూస్తానంది. చూపించాం. రావణుడి వెనక వెదురు పుల్ల పట్టుకుని ఆడించి చూసి, రోజూ రిహార్సల్‌కు వస్తానంది. ఆ బాబుకు కేతిగాడి బొమ్మ ఇచ్చాం.

ప్రదర్శన ఈ శనివారం సాయంత్రం ఆరున్నరకు, బడి ఆవరణలో. చిన్నపిల్లలు ముందు, వాళ్ల పక్కన అమ్మానాన్నల్లో ఒకరు తప్పకుండా. చాపలు మీరే తెచ్చుకోవాలి. ఎనిమిదికల్లా ముగుస్తుంది, అందరూ ఇళ్లకు వెళ్లి వేళకు పడుకోవచ్చు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు