మొన్నటి రైడును మోసిన మీ అందరికీ కృతజ్ఞతలు

మొన్న ఆదివారం 120 కిలోమీటర్ల సైకిల్ రైడుకు బయలుదేరిన వాళ్లంతా క్షేమంగా ఇళ్లు చేరారు. ఆఖరి మనిషి దగ్గర నుంచి కూడా కబురు అందింది. దానికోసమే ఇన్నాళ్లు ఆగాను. ఇక తీరిగ్గా కృతజ్ఞతలు చెప్పుకోవచ్చు.

విషయం తెలియని వారికోసం రెండు మాటలు. రైడు దగ్గరపడిన సమయంలో నా మణికట్టు విరిగింది. సైకిల్ మీద నుంచి పడి విరిగి ఉంటే కాస్త గౌరవంగా చెప్పుకునేవాణ్ణి. ఇంట్లో నిచ్చెన జారింది. దారి నిర్ణయించడం, జట్లు కూర్చడం, ముందుండి తొక్కడం, అన్నీ నేను తలకెత్తుకున్న పనులే. రద్దు చేద్దామనుకుంటూ ఉండగా మీలో ఒకరు ఫోను చేసి, "మీరు వెనక బండిలో కూర్చోండి సార్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. అన్నట్టే చూసుకున్నారు. ఎప్పుడూ ముందుండి తొక్కే నాకు రైడంటే తెరిపి రోడ్డు, ఎదురుగాలి. ఈసారి చేతికి కట్టుతో సహాయ వాహనంలో కూర్చుని రోజంతా మిమ్మల్ని వెనక నుంచి చూశాను. ఎవరు ఏం చేశారో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

ముందుగా దారి చూసిపెట్టిన అక్కగారికి. మ్యాపులో దూరం తెలుస్తుంది, ఎత్తు తెలుస్తుంది. తవ్వి వదిలేసిన రోడ్డు, వంతెన దిగగానే పరుచుకున్న కంకర, తెల్లవారుజామున వెంటపడే కుక్కలు అందులో కనిపించవు. ఆవిడ ముందు ఆదివారం అదే వేళకు ఒంటరిగా ఆ దారంతా తొక్కి వచ్చారు. ఎదురు వాహనాలకు అడ్డంగా తిరగాల్సిన మలుపులు వీలైనంత తగ్గించి, దారిని ఒకే వైపు మలుపులతో చుట్టి వచ్చేలా మళ్లీ గీశారు. దీని విలువ జట్టుగా తొక్కేవారికే తెలుస్తుంది. ఒక్క మనిషైతే కాస్త సందు దొరకగానే దాటేస్తాడు. పన్నెండు మంది ఒక్క సందులో దాటలేరు. సగంమంది అటు, సగంమంది ఇటు ఉండిపోతారు. మిగిలినవాళ్లు వాహనాలను చూడటం మాని ముందు వెళ్లిన వాళ్లను చూస్తూ తొందరపడతారు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ఆగే చోట్లకు ఆవిడ పెట్టుకున్న షరతులు నాలుగు: నీడ, నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, సైకిళ్లన్నీ రోడ్డు దిగి నిలబడటానికి జాగా. ఈసారి మహిళలు ఇంతమంది రావడానికి ఆ మూడో షరతే కారణమని నా అనుమానం.

తర్వాత, మూడు జట్లకూ ముందు తొక్కినవారికి. అందరినీ ఒకే గుంపుగా పంపితే వెనక వచ్చే వాహనాలకు దాటే దారి ఉండదు. అందుకే పది పన్నెండు మందికి ఒక జట్టు, జట్టుకీ జట్టుకీ మధ్య వాహనం సర్దుకునేంత ఎడం. ఇది పాత పద్ధతే. కాగితం మీద రాయడం తేలిక, రోడ్డు మీద నిలబెట్టడం కష్టం. మీరు నిలబెట్టారు. "ముందున్నవారిని ఎవరూ దాటకూడదు" అన్న నియమం మీద మొదట్లో కొందరు గొణిగిన సంగతి నాకు తెలుసు. అది నా బుర్రలో పుట్టింది కాదు. 1897లో ఇటలీలో కొందరు సైకిల్ ప్రియులు రోమ్ నుంచి నేపుల్స్ దాకా ఒక్క రోజులో తొక్కారు. సాహసికులన్న అర్థంలో వారికి వచ్చిన పేరు నుంచే 'ఆడాక్స్' అనే దూరపు జట్టు రైడు పద్ధతి పుట్టింది. 1904లో ఫ్రాన్స్‌లో దానికి నియమాలు ఏర్పరచినవాడు ఆన్రీ దెగ్రాంజ్. అంతకు ఏడాది ముందే టూర్ దె ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టినవాడూ ఆయనే! లోకంలోకెల్లా కఠినమైన పందేన్ని నడిపిన మనిషే, ఎవరూ ఎవరినీ దాటకుండా సారథి వెనక కలిసి తొక్కే రైడునూ నడిపాడు. ఆ తరహా ఆడాక్స్ రైడుల్లో నేటికీ సారథులు గంటకు 22.5 కిలోమీటర్ల సగటు వేగం పట్టుకుని తీసుకెళతారు. మన వేగం అంతకన్నా తక్కువే అయినా సూత్రం అదే.

వేగం నిలకడగా ఉంచడం ఒక్కటే కాదు, మలుపుల దగ్గర మీరు చేసిన పనిని వెనక నుంచి చూసి ముచ్చటపడ్డాను. మలుపులో ముందువాడు కాస్త నెమ్మదించి, తిరగ్గానే మామూలు వేగం అందుకుంటాడు. అప్పటికి పదోవాడు ఇంకా మలుపులోకే రాడు. వచ్చి తిరిగేసరికి ముందు ఖాళీ ఏర్పడి ఉంటుంది. దాన్ని పూడ్చడానికి అతను లేచి నిలబడి తొక్కాలి. ప్రతి మలుపుకూ ఇదే జరిగితే, ముందువారికి హాయిగా సాగిన రైడే వెనకవారికి పొద్దస్తమానం పరుగుపందెం అవుతుంది. మొదటి జట్టును నడిపిన తమ్ముడు మలుపు తిరిగిన ప్రతిసారీ వెనకనుంచి "వచ్చేశాం" అన్న కేక వినిపించేదాకా పెడల్ ఊరికే తిప్పుతూ ఉండటం చూశాను. పెద్ద ఓపిక కావాలి దానికి.

ఇక స్వీప్. అంటే చివరి మనిషి వెనక తొక్కేవారు. ఆయన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయను. మూడో జట్టులో మొదటిసారి ఇంత దూరం వచ్చిన ఒక యువకుడు ఎత్తులు మొదలవగానే వెనకబడ్డాడు. చదును రోడ్డు మీద ముందువారి చాటున గాలి తగలకుండా తొక్కవచ్చు కాబట్టి బలమున్నవారూ లేనివారూ చాలాసేపు కలిసే ఉంటారు. ఎత్తులో ఆ చాటు పెద్దగా పనిచేయదు, ఎవరి బరువు వారే మోసుకోవాలి. గుంపులు విడిపోయేది అక్కడే. స్వీప్ ఆ యువకుడికి అర చక్రం వెనకగా, పక్కన తొక్కుతూ వెళ్లారు. "కమాన్", "ఇంకొంచెమే" లాంటి మాటలు ఒక్కటీ అనలేదు. ఎక్కేటప్పుడు ఆయన మాట్లాడేవారు, దిగేటప్పుడు అతన్ని అడిగి వినేవారు. ఊపిరి అందని మనిషిని ప్రశ్నలు అడగకూడదన్న ఇంగితం ఎంతమందికి ఉంటుంది?

రెండో ఎత్తు మొదట్లో ఆ యువకుడి సైకిల్‌లో ఏదో విరిగిన చప్పుడైంది. గేరు మార్చే వెనక డిరైలర్ చక్రం ఊచల్లో ఇరుక్కుంది. దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగి చిట్లింది. ఆ ముక్కను కావాలనే మెత్తటి అల్యూమినియంతో చేస్తారు, దెబ్బ ఫ్రేముకు తగలకుండా ముందు అదే విరగడానికి. కానీ ఒక్కో మోడలుకు ఒక్కో ఆకారం, పక్కవాడిది పనికిరాదు. ఆ కుర్రాడి మొహం చూడలేకపోయాను. బండిలో ఎక్కించుకుందామని నేను తలుపు తీసేలోపు మన మెకానిక్ అన్న వచ్చి గడ్డి మీద రుమాలు పరిచారు. డిరైలర్ విప్పి అందులో చుట్టారు. చైన్ టూలుతో పిన్ను నెట్టి చైను ఊడదీశారు. వెనక నడిమి పళ్ల చక్రం మీద తిన్నగా పడేలా కొలిచి, మిగిలిన లింకులు తీసేశారు. క్విక్ లింకుతో రెండు కొసలూ కలిపి, ఆ అతుకు పైవైపుకు వచ్చేలా చైను తిప్పి, వెనక బ్రేకు గట్టిగా పట్టుకుని పెడల్‌ను పాదంతో ఒక్క తొక్కు తొక్కారు. టక్కుమంది. "ఇక దీనికి గేర్లు లేవు తమ్ముడూ, నీ కాళ్లే గేర్లు" అన్నారు నల్లబడిన చేతులు గడ్డికి రుద్దుకుంటూ. అతను ఆ ఒక్క గేరుతోనే, మరీ నిటారు చోట్ల దిగి నడుస్తూ, చివరిదాకా వచ్చాడు. బండి ఎక్కమని ఎవరూ అడగలేదు, అడిగినా ఎక్కేవాడు కాదనుకుంటాను.

బలమైన రైడర్లకు నా కృతజ్ఞత ఎత్తు పైన ఆగి ఎదురుచూసినందుకు మాత్రమే కాదు. అది చాలామంది చేస్తారు. చివరివాడు కనబడగానే "పదండి, పదండి" అని బయలుదేరుతారు కూడా. లెక్క చూడండి: అందరికన్నా ముందు వచ్చినవాడికి పావుగంట విశ్రాంతి, అందరికన్నా అలసినవాడికి సున్నా. ఈసారి చివరివారు వచ్చి, సైకిల్ ఆనించి, నీళ్లు తాగి, కాసేపు కూర్చుని, "ఇక వెళదామా" అని వారే అడిగేదాకా ఎవరూ హెల్మెట్ ముట్టుకోలేదు. దీన్ని ఎవరు మొదలుపెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. నా సూచనల్లో ఎక్కడా లేదు. వచ్చే రైడుకు మొదటి సూచనగా చేరుస్తున్నాను.

నర్సు చెల్లెమ్మకు ప్రత్యేకంగా. మధ్యాహ్నం వేళ ఒకాయన మాట తడబడి, చేతులు వణుకుతుంటే అందరం ఎండదెబ్బ అనుకున్నాం. ఆమె పక్కన కూర్చుని నుదురు ముట్టుకుని, చివరిసారి ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు అని అడిగారు. పొద్దుటి నుంచి నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదని తేలింది. గంటల తరబడి తొక్కేటప్పుడు ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం తరిగిపోతుంది, ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. తీపి పానీయం కొంచెం కొంచెంగా పట్టించి, నీడలో కూర్చోబెట్టి, కోలుకున్నాక కూడా సైకిల్ ఇవ్వకుండా బండిలో నా పక్కన పడేశారు. ఆయన దారి పొడవునా అలిగి కూర్చున్నారు. ఆ అలకను భరించినందుకు నాకూ ఎవరైనా కృతజ్ఞతలు చెప్పాలి.

బండి నడిపిన బాబాయిగారికి: రోజంతా మొదటి, రెండో గేర్లలో నడపడం ఎంత విసుగో పక్కన కూర్చుని చూశాను. సైక్లిస్టుల వెనకే అంటిపెట్టుకోకుండా, వారు ముందుకు సాగాక కాస్త దూరం వెళ్లి ఆగడం, మళ్లీ సాగడం, ఇలా వెనక వచ్చేవారికి దారి వదులుతూ నడిపారు. ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. దారిలో తమ ఇంటి కుళాయి దగ్గర అందరినీ సీసాలు నింపుకోనిచ్చిన ఆ కుటుంబానికి ఈ మాటలు చేరవు, అయినా రాస్తున్నాను.

ఇక మిగిలినవి: నీలం రంగు చేతి పంపు, ఒంటి చేతి తొడుగు, ఎవరివో కళ్లద్దాలు నా దగ్గర ఉన్నాయి. కళ్లద్దాలవారు త్వరగా రావాలి, అవి చూపుకు పెట్టుకునేవి. చిట్లిన హ్యాంగర్‌కు సరిపోయే ముక్క దొరికిందట, మెకానిక్ అన్న శనివారం సాయంత్రం బిగిస్తానన్నారు. వచ్చే నెల దారి గీసే పని మళ్లీ అక్కగారే ఒప్పుకున్నారు. కట్టు విప్పాక నన్ను స్వీప్‌గా తీసుకోమని ఆవిడనే అడిగాను. "ముందు నెమ్మదిగా తొక్కడం నేర్చుకోండి, చూద్దాం" అన్నారు.