గ్రింగో

గ్వాదలహార, మెక్సికో,
ఆదివారం రాత్రి

ప్రియమైన రమణా,

నీ ఉత్తరానికి రెండు నెలలుగా జవాబు రాయనందుకు మన్నించు. ఇక్కడ అందరం కులాసా, పాప బడికి వెళుతోంది, మిగిలిన కబుర్లు మరోసారి రాస్తాను. ఈ ఒక్క మాట సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

నిన్న సంతలో బొప్పాయిపండు బేరమాడుతూ, స్పానిష్ మాట తట్టక ఇంగ్లీషులోకి దిగాను. పండ్లమ్మే పెద్దావిడ వెంటనే తన మనవడికేసి తిరిగి, ఏ కోపమూ లేకుండా, "గ్రింగో" అంది. మెక్సికోలో ఆ మాట ముఖ్యంగా అమెరికా వాళ్లకు వాడతారు. నా ఒంటి రంగు ఎదురుగా కనబడుతున్నా నన్ను వాళ్లలో కలిపేసిందంటే, ఆమెకు ఆనవాలు నా నోట్లోని భాషే అయిందన్నమాట. నాకు వెంటనే మన హాస్టల్ మేడ గుర్తొచ్చింది. 1846లో మొదలైన యుద్ధంలో అమెరికా సైనికుల ఆకుపచ్చ దుస్తులు చూసి మెక్సికో జనం "గ్రీన్, గో" అని అరిచారనీ, అదే గ్రింగో అయిందనీ అక్కడే కదా నీకు చెప్పాను! నువ్వు నమ్మలేదు, పందెం కాశాం.

రమణా, నువ్వే గెలిచావు. ఆ సైనికుల దుస్తులు ప్రధానంగా లేత నీలం రంగువి. అంతకన్నా గట్టి సాక్ష్యం, ఎస్తెబాన్ దె తెర్రేరోస్ కూర్చిన స్పానిష్ నిఘంటువులో, 1787లో అచ్చయిన సంపుటంలో ఈ మాట అప్పటికే ఉంది. స్పానిష్‌ను తేలికగా పలకలేని పరదేశీయులను మాలగాలో గ్రింగోలంటారనీ, మాద్రిద్‌లో ముఖ్యంగా ఐర్లండు వాళ్లను అలా పిలుస్తారనీ ఆయన రాశాడు. అంటే యుద్ధానికి 59 ఏళ్ల ముందే ఈ మాట స్పెయిన్‌లో తిరుగుతోంది. "గ్రియేగో", అంటే గ్రీకు, అన్న మాట నుంచే ఇది పుట్టిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం, ఎందుకంటే స్పానిష్‌లో అర్థంకాకుండా మాట్లాడడాన్ని గ్రీకులో మాట్లాడడం అనేవారు. ఆ గ్రీకులేమో తమ భాష రానివాళ్లను, వాళ్ల పలుకు "బర్ బర్" అన్నట్టు వినబడుతోందని, బార్బరోస్ అన్నారు. మన మ్లేచ్ఛ శబ్దం మాత్రం వేరా? దాని ధాతువుకూ అస్పష్టంగా పలకడమనే అర్థం. ఇదే గ్రింగో అర్జెంటీనాకు వెళ్లి, వలస వచ్చిన ఇటలీ వాళ్లకు అంటుకుంది. బ్రెజిల్‌లో ఏ విదేశీయుడైనా గ్రింగోయే.

ఇదంతా చదివిన సంతోషంలో ఉండగానే మీ తాతయ్యగారు మనసులో మెదిలారు. మన కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను కొరంగీలన్నారు కదా, రంగూన్ వదిలి వచ్చిన ఎన్నో ఏళ్లకు కూడా ఆ మాట చెవిన పడితే ఆయన భోజనం దగ్గర నుంచి లేచిపోయేవారని నువ్వే ఒకసారి చెప్పావు. ఊరి పేరులో తప్పేముంది? అయినా ఆయనకు అది అంత నొప్పి కలిగించింది, నాకేమో నిన్నటి మాట ముద్దుగా వినబడింది. పిలిచేవాడి గొంతులోనే ఉందేమో ఈ తేడా అంతా, లేక పిలిపించుకునేవాడు ఆ దేశంలో ఏ పని చేస్తున్నాడన్న దాని మీద...

పాప నిద్ర లేచింది. ఆ పండ్లావిడ మనవడు నన్ను అడిగిన ప్రశ్న రాయనే లేదు, అది వచ్చే ఉత్తరంలో. పందెం ప్రకారం నీకు రెండు పూతరేకులు బాకీ.

నీ
శేఖరం