ఉప్పునీటిని ఇలకూర మళ్ళు దాటించి వదలండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. భీమవరానికి దిగువన ఒక పల్లెలో నాకు రెండెకరాల వరి పొలం ఉంది. మూడు వైపులా రొయ్యల చెరువులే. మొన్నటి దాళ్వాకి (రెండో పంటకి) పక్క చెరువులో రొయ్యలు పట్టిన రాత్రి తూము ఎత్తేశారు. ఆ ఉప్పునీళ్ళన్నీ డ్రెయిన్‌లో, అంటే మురుగు కాలువలో కలిశాయి. కాలువ నీరు అందని మాలాంటి శివారు వాళ్ళం ఆ డ్రెయిన్‌కే ఇంజను పెట్టి తోడుకుంటాం. వారం తిరక్కుండా నా నారుమడి కొనలు ఎండిపోయి గడ్డిపోచలా తయారైంది. అడగడానికి వెళితే చెరువు అతను పోట్లాడలేదు. "ఇంకెక్కడికి వదలమంటావు బాబాయ్, నువ్వే చెప్పు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రానికి వెళ్ళొచ్చిన వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ, దొరికింది చదువుతూ తెలుసుకున్నదే రాస్తున్నాను. ఆ నీటిని ఉప్పు నేలలో పెరిగే ఇలకూర అనే ఆకుకూర మళ్ళ గుండా పంపి వదలాలన్నది నా మాట.

ముందు లెక్క చూడండి. ఎకరం చెరువులో నాలుగడుగుల నీరు ఉందనుకుందాం. లీటరుకి పది గ్రాముల ఉప్పు ఉందని లెక్కేసుకుంటే ఆ ఒక్క చెరువులో దాదాపు 49 టన్నుల ఉప్పు ఉన్నట్టు. సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాములు ఉంటుంది కాబట్టి పది అంటే చెరువు వాళ్ళకి తక్కువే. వరికి మాత్రం నేలలోని నీటిలో రెండు గ్రాముల దగ్గరే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సముద్రానికి ఆమడ దూరంలో బోరు వేసి పైకి తెచ్చిన ఉప్పు తనంతట తాను వెనక్కి పోదు. డ్రెయిన్‌లోకైనా పోవాలి, ఊటగా పక్క పొలంలోకైనా దిగాలి.

ఇదే చిక్కు కాలిఫోర్నియాలోని శాన్ జోక్విన్ లోయ రైతులకి ముందే వచ్చింది. అక్కడ పొలాల మురుగునీటిని కాలువ కట్టి కెస్టర్సన్ అనే చోట చెరువుల్లోకి మళ్ళించారు. 1983లో అక్కడి పక్షుల గూళ్ళలో కళ్ళు లేని, ముక్కు వంకరపోయిన పిల్లలు కనిపించాయి. పొలాల మట్టిలోంచి నీటితో పాటు చేరిన సెలీనియం అనే మూలకం వల్ల అలా జరిగిందని తేల్చారు. ఆ తర్వాత కొందరు రైతులు నీటిని బయటికి పంపకుండా పొలంలోనే వంతులవారీగా వాడటం మొదలుపెట్టారు. మంచినీరు కూరగాయలకి, వాటి కింద దిగిన నీరు ఉప్పుని ఓర్చుకునే పైర్లకి, అక్కడ మిగిలింది ఉప్పులోనే బతికే మొక్కలకి. చివరి కాస్త నీటిని ఎండకి ఆరబెడతారు. మడి మడికీ నీరు తగ్గుతుంది, ఉప్పు చిక్కబడుతుంది.

ఉప్పులో బతికే మొక్కలంటే మనకి కొత్తా? ఉప్పుటేరు గట్ల మీద ఇలకూర ఎవరూ వేయకుండానే మొలుస్తుంది. 1791 నుంచి రెండు మూడేళ్ళు పట్టిపీడించిన కరువులో సముద్రం దగ్గరి పేదలు వేల మంది ఈ ఆకు తినే ప్రాణాలు నిలుపుకున్నారని, సామర్లకోటలో ఉండి మన మొక్కల మీద పని చేసిన విలియం రాక్స్‌బర్గ్ రాశాడు. ఇలకూర ఉప్పుని ఆకులో దాచుకుంటుంది. మడ చెట్లలో తెల్ల మడ లాంటివి ఆకు మీదికి కక్కేస్తాయి, నాలుక ఆనిస్తే తెలుస్తుంది.

అయితే ఈ మొక్కలు ఉప్పు మొత్తం తినేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎకరం ఇలకూర కోసి ఎండబెడితే దాంతో పాటు పోయే ఉప్పు ఆ 49 టన్నుల ముందు ఏ మూలకీ రాదు. వాటి అసలు పని వేరు. నీటిని తాగి ఆవిరి చేస్తాయి, మేత, రొయ్యల మలం వల్ల చేరిన నత్రజని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి, బురదని ఆపుతాయి. మిగిలిన చిక్కటి నీటికి ఉప్పు మళ్ళ లాంటి చదును మళ్ళు ఉండాల్సిందే. వానాకాలంలో అవీ పనిచేయవు. కోసిన మొక్కని వరి పొలంలో ఎరువుగా వేయకూడదు, వేస్తే ఉప్పు మళ్ళీ ఇంటికొచ్చినట్టే. మందులు వాడిన చెరువు నీటితో పెరిగిన ఆకుని పరీక్ష చేయకుండా మేకలకైనా పెట్టకూడదు, మనుషుల సంగతి చెప్పక్కర్లేదు.

వ్యర్థజలాన్ని శుద్ధి చేసే వదలాలని తీరప్రాంత ఆక్వా నిబంధనల్లో ఎప్పట్నుంచో ఉంది. అర ఎకరం, ఎకరం చెరువు ఉన్నవాడు ఒంటరిగా ఏం శుద్ధి చేస్తాడు? అందుకే నేను అడిగేది ఉమ్మడి ఏర్పాటు. ఒక డ్రెయిన్ మీదున్న చెరువులన్నీ కలిసి, చౌడు పట్టి పనికిరాకుండా పోయిన భూమిని కౌలుకి తీసుకోవాలి. ముందు బురద తేరే గుంట, తర్వాత ఇలకూర మళ్ళు, చివర ఆరబెట్టే మళ్ళు. గుంటలో తేరిన నీటిలో కొంత మళ్ళీ చెరువుకే ఎక్కించుకోవచ్చు. ఆటుపోట్లు తగిలే చోట మాత్రం ఇంత తతంగం అక్కర్లేదు. మడ మొక్కలు పెంచి, వాటి మధ్య నుంచి ఏటిలోకి వదిలితే చాలు. ఇక సముద్రానికి దూరంగా, మంచి వరి భూముల నడుమ ఉప్పు బోర్లతో కొత్త చెరువులకి అనుమతులు ఇవ్వడం ఆపాలి. అక్కడ ఏ మొక్కా ఆదుకోలేదు.

బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఉంది. గుజరాత్ భావనగర్‌లో ఉప్పు మీద పరిశోధన చేసే కేంద్ర ప్రయోగశాల వాళ్ళు సాలికార్నియా అనే ఉప్పు మొక్క నుంచి వంటకి పనికొచ్చే ఉప్పు తీసే పద్ధతి కనిపెట్టారు. చదువుకున్నవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. మత్స్యశాఖ, డ్రెయినేజీ శాఖ, విశ్వవిద్యాలయం ఒకచోట కూర్చుని ఒక్క డ్రెయిన్ మీద రెండేళ్ళు చేసి చూపించమనండి. మడి చివర నీటిలో ఎంత ఉప్పుందో నెలనెలా పంచాయతీ బోర్డు మీద రాయమనండి.

నా పొలం ఉత్తరపు మూల పది సెంట్లలో వరి పండటం మానేసి మూడేళ్ళయింది. ఇప్పుడు అక్కడ ఇలకూరే ఉంది. ప్రయోగానికి చోటు కావాలంటే దాన్ని కౌలు లేకుండా ఇస్తాను.

ఇట్లు,
ఒక శివారు రైతు,
పశ్చిమ గోదావరి జిల్లా