బారాలాచా దారిలో ఆదుకున్న లారీ అన్నకు కృతజ్ఞతలు

మనాలీ–లేహ్ రోడ్డులో, జింగ్‌జింగ్‌బార్ దాటాక మా కోసం బండి ఆపిన లారీ అన్నకు మా ఇద్దరి తరఫున కృతజ్ఞతలు. ఆ కంగారులో మీ పేరు కూడా అడగలేకపోయాం.

అప్పటికి సైకిళ్లు దిగి నెట్టుకుంటూ ఎక్కుతున్నాం. బారాలాచా లా కనుమ 4,800 మీటర్లకు పైమాటే. మా తమ్ముడికి తలనొప్పి మొదలై, వాంతులయ్యి, అడుగులు తడబడ్డాయి. ఎదురుగా వస్తున్న మీరు వాడి నడక చూసే ఆగారు. "ఇక పైకి వద్దు, కిందికే" అన్నారు. ఎత్తు పడనప్పుడు అసలు మందు అదే, ఆలస్యం చేయకుండా దిగిపోవడం. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, సైకిళ్లు వెనక తాళ్లతో కట్టి, 3,100 మీటర్ల దగ్గరున్న కేలాంగ్‌లో ఆసుపత్రి గుమ్మం దాకా దించారు. మంచు కరిగిన నీళ్లు రోడ్డు మీద పారేచోట వాడికి కుదుపు తగలకూడదని ఎంత నెమ్మదిగా నడిపారో! డబ్బిస్తే పుచ్చుకోలేదు.

వాడు పూర్తిగా కోలుకున్నాడు. ఒంటికి ఎత్తు అలవాటయ్యాక మళ్లీ ఎక్కాం. కనుమకు కాస్త కిందే సూరజ్ తాల్ సరస్సు, భాగా నది పుట్టే చోటు. ఆ నీళ్లను తమ్ముడు కళ్లారా చూశాడంటే అది మీ చలవే.

అన్నా, మీరు, మీ పిల్లలు చల్లగా ఉండాలి. ఎప్పుడైనా విజయవాడ వైపు లోడు వస్తే మా ఇంట్లో భోంచేసే వెళ్లాలి.