శీనుగాడికి, ముందు ఆ జీతం ఖాతా సంగతి చూడరా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఆలస్యానికి తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరూ కులాసా. పిల్లదాని పరీక్షలైపోయాయి, అమ్మ మోకాలు ఎప్పటిలాగే. ఇక అసలు సంగతికొస్తా, ఆపుకోలేకపోతున్నాను.

క్రెడిట్ కార్డు బాకీ కోసం బ్యాంకు తరఫు రికవరీ ఏజెంటు ఫోన్లో బెదిరిస్తున్నాడని రాశావు కదా, నువ్వు భయపడాల్సింది ఆ అరిచేవాడికి కాదురా! 'రేపటికల్లా నీ అకౌంటు ఫ్రీజ్ చేయిస్తా' అన్నాడన్నావే, అది వాడి తాత తరం కూడా కాదు. రికవరీ ఏజెంటుకి నీ ఖాతాలో పైసా ముట్టుకునే అధికారం లేదు, ఉన్నదల్లా నోరే. ఆ నోరు కూడా పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత లేవకూడదని 2022లోనే ఆర్‌బీఐ చెప్పింది. లేస్తే తేదీ, టైము, నంబరు రాసుకుని బ్యాంకుకి కాగితం మీద ఫిర్యాదివ్వు. 30 రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

మరి భయం ఎవరితోనంటే, నీ బ్యాంకుతోనే. కార్డు బాకీ అక్కడే, జీతం పడేదీ అక్కడే! కార్డు తీసుకున్నప్పుడు చదవకుండా సంతకం పెట్టిన సన్నక్షరాల్లో 'సెట్ ఆఫ్' అని ఒక షరతు ఉంటుంది. బాకీ, సేవింగ్సు రెండూ ఒకే మనిషి పేరు మీదుంటే కోర్టు గడప తొక్కకుండానే ఇందులోంచి అందులోకి సర్దేసుకోవచ్చు. ముందు హోల్డ్ పెడతారు. బ్యాలెన్స్ 40,000 అని కనిపిస్తుంది, ఏటీఎంలో మాత్రం రాదు. అదీ సరిగ్గా జీతం పడ్డ రోజే, డబ్బుండేది అప్పుడే కదా. కాబట్టి నీకు ఏ బాకీ లేని వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, జీతాల పట్టీ తయారయ్యేలోపు ఆఫీసులో ఆ నంబరివ్వు. పట్టీ వెళ్లిపోయాక ఇస్తే ఆ నెలది పాతదాంట్లోనే పడుతుంది. జామెట్రీ బాక్సు సూత్రంరా, వార్డెనుకి తెలిసిన పెట్టెలో దాస్తామా! (నువ్వు దాచావనుకో, అది వేరే కథ.)

ఆగాగు, ఇదంతా చదివి పాత ఖాతా ఊడ్చేసేవు. లోను ఈఎంఐ దాన్నుంచే ఆటో డెబిట్ కదా? డబ్బు లేక అది తిరిగొస్తే చెక్ బౌన్స్ లాంటి కేసే, 2007 నాటి పేమెంట్ చట్టంలో 25వ సెక్షన్. రెండేళ్ల దాకా జైలు, లేదా రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. నోటీసు అందాక 15 రోజుల్లో కట్టేస్తే అక్కడితో ఆగుతుంది. ఆ కవరు వస్తే బల్ల కింద పడేయకు, నీ అలవాటు నాకు తెలుసు.

కోర్టు సమన్లకీ అంతే. సమ్మరీ దావా (త్వరగా తేల్చేసే రకం) అయితే హాజరు వేయడానికి ఉండేది 10 రోజులే. వెళ్లకపోతే ఎక్స్ పార్టీ డిక్రీ, అంటే నువ్వు లేకుండానే తీర్పు, దాని మీద ఈపీ, అంటే తీర్పు అమలు చేయించే పిటిషన్, ఆ తర్వాత నీ డబ్బు ఆపమని నీ బ్యాంకుకే గార్నిషీ నోటీసు. అప్పుడు మాత్రం ఫ్రీజ్ నిజం. మేనేజరు కాళ్లు పట్టుకున్నా లాభం లేదు, తీయాల్సింది ఆ కోర్టే.

మీ నాన్నగారి గురించి మాత్రం... ఆయన అప్పుకి హామీగా షూరిటీ సంతకం పెట్టారని చదివి మనసు ఎలాగో అయిపోయిందిరా. అసలు అప్పు తీసుకున్నవాణ్ణి వదిలేసి ముందు ఆయన మీదికే రావచ్చు వాళ్లు. ఐతే ఒక ధైర్యం ఉంది. ప్రభుత్వ పెన్షన్, గ్రాట్యుటీ అప్పు డిక్రీ కింద జప్తు కావు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్. గ్రాట్యుటీని ఎఫ్‌డీలో వేసినా ఆ రక్షణ పోదని 2008లో సుప్రీంకోర్టే చెప్పింది. పీఎఫ్‌దీ అదే దారి. నీ జీతంలోనైతే మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 40,000కి లెక్కేస్తే 27,000 నీకు, 13,000 వాళ్లకి.

కానీ అది పెన్షన్ డబ్బని చూపించుకోవాల్సింది మనమే. కౌలు డబ్బులు, నువ్వు పంపేవి, చిట్టీ పాడినవి అన్నీ ఒకే ఖాతాలో కలిపేస్తే జడ్జిగారికి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? పెన్షన్ ఖాతాలో పెన్షన్ తప్ప ఇంకేదీ పడనివ్వకు. ఏడాది స్టేట్‌మెంటు, పెన్షన్ పుస్తకం నకలు దగ్గరుంచితే ఈపీ నడిచే కోర్టులో వెంటనే పిటిషన్ వేయొచ్చు. ఆ ఖాతాలో జాయింటుగా నీ పేరుందా? ఉంటే తీయించు, నీ బాకీకి ఆయన డబ్బు ఇరుక్కుంటుంది.

అన్నట్టు, డబ్బంతా వదిన పేరుకి మార్చేస్తానని రాశావు. వద్దు బాబూ. ఎగవేతకే మారుస్తున్నావని తేలితే తీర్పుకి ముందే జప్తు చేసే అధికారం కోర్టుకుంది. బాకీ ఎలాగూ తీర్చాల్సిందే, కూర్చుని సెటిల్‌మెంట్ మాట్లాడుకో. ఒప్పందం ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు కట్టు, ముందు కాదు.

ఇంకా ఆ ప్రామిసరీ నోటు సంగతి ఉంది. దావా వేసే మూడేళ్ల గడువు నిండొస్తోందన్నావు కదా, నోటు వెనక చెల్లు (కొంత కట్టినట్టు) రాసి సంతకం పెట్టమంటే ఒక్క నిమిషం ఆలోచించు, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలు... అయ్యో, పోస్టు కట్టే వేళైంది, కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. మిగతాది రేపు రాస్తా. ఈలోపు దేనిమీదా సంతకం పెట్టకు!

నీ
గోపిగాడు